కుక్కతో తీరం వెంట: లాగుడు కారవానా, మోటర్‌హోమా, క్యాంపర్ వ్యానా?

కుక్కను వెంటబెట్టుకొని సముద్రతీరం వెంట పది పదిహేను రోజులు తిరిగి రావాలనుకునేవారు బండి ఎంచుకునేటప్పుడు సాధారణంగా మంచం ఎంత వెడల్పు, వంటగది ఎక్కడుంది, స్నానాల గది ఉందా లేదా అన్న విషయాలే ముందు చూస్తారు. అవన్నీ మనుషుల లెక్కలు. ఈ మూడు రకాల బండ్లలోనూ మా కుక్కతో తిరిగాక నాకు అర్థమైనదేమిటంటే, బండి ఎంపికను తేల్చే ప్రశ్నలు రెండే: బండి కదులుతున్నప్పుడు కుక్క ఎక్కడ ఉంటుంది, బండి ఆగాక మనం పక్కన లేని గంటల్లో అది ఎక్కడ ఉంటుంది. ఈ రెండింటికీ సరైన సమాధానం దొరికిన బండిలో మంచం కాస్త ఇరుకైనా ప్రయాణం సాఫీగా సాగుతుంది. దొరకని బండిలో ఎన్ని సౌకర్యాలున్నా మూడో రోజుకే మనసు ఇంటి వైపు లాగుతుంది.

తెలుగులో కారవాన్ అన్న మాటను ఇంజన్ ఉన్న బండికీ లేని బండికీ కలిపి వాడేస్తున్నాం కాబట్టి ముందుగా పేర్లు విడదీసుకోవడం మంచిది. సొంత ఇంజన్ లేకుండా, కారు వెనుక కొక్కేనికి తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇంటిని ఇక్కడ లాగుడు కారవాన్ అంటాను. ఛాసిస్ మీద ఇల్లు కట్టినట్టుగా ఉండి, డ్రైవరు సీటులోంచి లేచి నేరుగా వంటగదిలోకి నడవగలిగేది మోటర్‌హోమ్. మామూలు సరుకుల వ్యాన్ లోపలే మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్ అమర్చినది క్యాంపర్ వ్యాన్. ఇవి కాక మడతపెట్టే ట్రైలర్ టెంట్లు, కారు పైకప్పు మీద విప్పుకొనే టెంట్లు కూడా ఉన్నాయి. కాని నిచ్చెన ఎక్కి పడుకోవలసిన పైకప్పు టెంటు కుక్కకు పనికిరాదు. దాన్ని రాత్రంతా కింద కారులో ఒంటరిగా వదలవలసి వస్తుంది. ట్రైలర్ టెంటులోనేమో గుడ్డ గోడకు అవతల ఎవరు నడిచినా కుక్క మొరుగుతుంది, ఆ రాత్రి అందరికీ జాగారమే. కాబట్టి ఆ రెండింటినీ ఇక్కడితో పక్కన పెడుతున్నాను.

బండి కదులుతున్నప్పుడు

లాగుడు కారవాన్ విషయంలో మొదటి ప్రశ్నకు సమాధానం ఒక్కటే. కదులుతున్న కారవాన్‌లో మనుషులు కూర్చోవడాన్ని చాలా దేశాల చట్టాలు నిషేధిస్తున్నాయి. చట్టం కుక్క పేరు ఎత్తినా ఎత్తకపోయినా దాన్ని కూడా అందులో ఉంచకూడదు. లోపల బెల్టులుండవు, గుంతల దగ్గర వెనుక భాగం ఎత్తి కుదేస్తుంది, కిటికీలన్నీ మూసి ఉంటాయి, లోపల ఏం జరుగుతున్నదో నడిపేవారికి తెలియదు. అందువల్ల కుక్క కారులోనే ప్రయాణిస్తుంది. మొదట్లో ఇది నాకు లోటుగా తోచింది గాని, నిజానికి లాగుడు కారవాన్‌కున్న పెద్ద సుగుణం ఇదే. ఆ కారు కుక్కకు ఏనాటి నుంచో తెలిసినది. దాని సీటు, కిటికీ, వాసన అన్నీ పాతవే. ఏసీ గాలి నేరుగా దాని దాకా వస్తుంది, అద్దంలో చూస్తే అది కనిపిస్తుంది, పేరు పెట్టి పిలిస్తే వినిపిస్తుంది.

మోటర్‌హోమ్‌లో చోటు ఎక్కువే గాని, ఆ చోటంతా ప్రయాణంలో కుక్కకు అక్కరకు వచ్చేది కాదు. ముందు క్యాబిన్‌లోని ఏసీని ఆ క్యాబిన్ కొలతకు సరిపడేలా చేస్తారు. మండుటెండలో వెనుక ఇంటి భాగం మొత్తాన్ని చల్లబరచడం దాని వల్ల కాదు. చప్పుడు మరొక సమస్య. అల్మరాల తలుపులు, పళ్లేలు, పొయ్యి మీది కమ్మీలు గంటల తరబడి గలగలలాడుతూనే ఉంటాయి. మొదటి రోజు నాలుగు గంటల ప్రయాణంలో మా కుక్క ఒక్కసారి కూడా తల నేలకు ఆనించలేదు. సింకు కింది సొరుగులో చెంచాలు కదిలిన ప్రతిసారీ చెవులు నిక్కించి అటే చూసింది. మరునాడు చెంచాలన్నిటినీ ఒక తువ్వాలులో చుట్టి, పళ్లేల మధ్య గుడ్డలు పెట్టాక గాని అది కన్ను మూయలేదు.

కట్టకుండా వదిలిన కుక్క గురించి ఒక చిన్న లెక్క చెప్పుకోవాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేనికైనా గుద్దుకొని అర మీటరు దూరంలోనే ఆగిపోయిందనుకుంటే, అందులోని 20 కిలోల కుక్కను ఆపడానికి కావలసిన బలం దాదాపు 400 కిలోల బరువుతో సమానమవుతుంది. చేతులతో పట్టుకోవడం అన్న మాటే లేదు. కాబట్టి మోటర్‌హోమ్ చూడబోయినప్పుడు ముందువైపుకు తిరిగి ఉండి, బెల్టు ఉన్న వెనుక సీటు ఉన్నదా, కుక్క ఛాతీ పట్టీని ఆ బెల్టుకు తగిలించడం కుదురుతుందా, లేదా బోనును నేలకు బిగించే కొక్కేలు ఉన్నాయా అని స్వయంగా చూసుకోవాలి. పక్కవాటుగా ఉండే సోఫాలు చాలా అందంగా ఉంటాయి, కాని వాటిలో ఎక్కువ భాగం ప్రయాణంలో కూర్చోవడానికి చేసినవి కావు. క్యాంపర్ వ్యాన్‌లో, కుక్క మరీ పెద్దది కానంతవరకు, డ్రైవరు సీటు వెనుకే బోను పట్టేస్తుంది; ఈ ఒక్క విషయంలో వ్యాన్ కారుతో సమానం.

ఇక నడిపే మనిషి ఇబ్బందుల్లో లాగుడు కారవాన్‌వే ఎక్కువ. రివర్స్‌లో స్టీరింగు ఎటు తిప్పితే కారవాన్ వెనుక భాగం దానికి ఎదురు వైపు పోతుంది. ఖాళీ మైదానంలో ఒక పూట సాధన చేస్తే ఇది పట్టుబడుతుంది. తీరంలో అసలు శత్రువు పక్కగాలి. వంతెనల మీద, కొండ మలుపు తిరిగి సముద్రం ఒక్కసారిగా కనిపించే చోట్ల గాలి పక్కనుంచి కొట్టి కారవాన్‌ను పాములా అటూ ఇటూ ఊపుతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకోవాలి. ఊపు రాకుండా చూసుకోవడం బరువుల పంపకంతో మొదలవుతుంది. నింపిన కారవాన్ బరువు లాగే కారు బరువులో 85 శాతానికి మించరాదన్నది కొత్తవారికి చెప్పే పాత సూత్రం. కారు 1,500 కిలోలుంటే కారవాన్ 1,275 కిలోల లోపు ఉండాలన్నమాట. కొక్కెం మీద పడే బరువు ఐరోపా తరహా కారవాన్లలో మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం, ఉత్తర అమెరికా తరహా ట్రైలర్లలో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. కుక్క ఉన్నవారు ఇక్కడ మరచిపోయే సంగతి ఒకటుంది. కొక్కెం మీద 80 కిలోలు, డిక్కీలో 30 కిలోల కుక్క, దాని ఇనుప బోను, నీళ్ల డబ్బాలు అన్నీ కలిసి కారు వెనుక ఇరుసు మీదే పడతాయి. కారు వెనుక కుంగి, ముందు దీపాలు ఆకాశం వైపు చూస్తుంటే బరువు సర్దుకోవలసిందే. పెద్ద కుక్క ఉంటే దాన్ని డిక్కీలో కాక వెనుక సీటు మీద కూర్చోబెట్టడం ఈ లెక్కకు కూడా మంచిది.

డ్రైవింగ్ లైసెన్సు సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. చాలా దేశాల్లో మామూలు కారు లైసెన్సుతో నడపగలిగే బండి గరిష్ఠ బరువు 3,500 కిలోలు. పెద్ద మోటర్‌హోములు నీళ్లు, సామాన్లు, మనుషులు, కుక్క ఎక్కేసరికి ఆ గీతకు చాలా దగ్గరగా వచ్చేస్తాయి.

మనం పక్కన లేని గంటలు

తీరపు ఎండ పొడి నేలల ఎండ లాంటిది కాదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, నోటిలోని, ముక్కులోని తడిని ఆవిరి చేసుకొని అది ఒంటిని చల్లబరచుకుంటుంది. గాలిలో తేమ నిండుగా ఉన్నచోట ఆ తడి తొందరగా ఆవిరి కాదు కాబట్టి, థర్మామీటరులో అంకె మరీ పెద్దది కాకపోయినా, సముద్రపు గాలి మన ముఖానికి హాయిగా తగులుతున్నా, కుక్క లోలోపల వేడెక్కుతూనే ఉండవచ్చు. దాని మామూలు శరీర ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. అది 41 డిగ్రీలకు చేరితే నిమిషాలు లెక్కపెట్టుకోవలసిన వడదెబ్బ. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు గాలి దారే ఇరుకు కాబట్టి వాటికి ఈ ముప్పు మరింత ముందుగా వస్తుంది.

మూసిన కారు ఎంత వేగంగా కాగుతుందో చాలామందికి నమ్మశక్యం కాదు. బయట 21 డిగ్రీలే ఉన్న ఆహ్లాదకరమైన పూట కూడా ఎండలో నిలిపిన కారు లోపల 10 నిమిషాల్లో దాదాపు 32 డిగ్రీలు, అరగంటలో 40 డిగ్రీలు అవుతుంది. కిటికీ అద్దాలను రెండు వేళ్ల మేర దించినంత మాత్రాన ఈ లెక్క పెద్దగా మారదు. క్యాంపర్ వ్యాన్ గోడలు రేకే. ముందు పెద్ద అద్దం ఉంటుంది. కాబట్టి అది కారుకు పెద్దన్న లాంటిదని అనుకోవాలి. మోటర్‌హోమ్ ఇంటి భాగానికి మందమైన గోడలున్నా, ముందు అద్దం దానికీ వేడిని మోసుకొస్తుంది. లోపలి నుంచి వెండి రంగు తెర కట్టకుండా దాన్ని ఎండలో నిలపకూడదు. లాగుడు కారవాన్‌కు ముందు అద్దం బెడద లేదు, రెండు వైపులా కిటికీలు బార్లా తెరుచుకుంటాయి, పైకప్పులో గాలి కిటికీలుంటాయి, కొక్కెం విప్పాక దాన్ని చేతులతో తోసి నీడ వైపు తిప్పుకోవచ్చు. మూడింటిలో తక్కువగా కాగేది ఇదే. అయితే తక్కువగా కాగుతుందని చెప్పానే గాని కాగదని చెప్పలేదు.

ఏసీ ఉంది కదా అనేవారి కోసం బ్యాటరీ లెక్క చూద్దాం. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీలో, అది పాడుకాకుండా వాడుకోదగ్గది దాదాపు సగం, అంటే 600 వాట్-అవర్లు (600 వాట్ల పరికరాన్ని గంట సేపు నడిపేంత కరెంటు). పైకప్పు ఏసీ నడుస్తున్నప్పుడు 1,000 వాట్ల వరకు లాగుతుంది. అంటే బ్యాటరీ మీద అది నిండా గంట కూడా నిలవదు. అంతే కొలత గల లిథియం బ్యాటరీ అయితే దాదాపు 1,280 వాట్-అవర్లు, అంటే గంటకు పైచిలుకు. పైకప్పులోని 12 వోల్టుల ఫ్యాను మాత్రం రెండు మూడు ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది కాబట్టి రాత్రంతా హాయిగా తిరుగుతుంది. నిజమైన ఏసీ కావాలంటే విద్యుత్ కనెక్షన్ ఇచ్చే క్యాంపుసైట్‌లోనే దిగాలి. సముద్రం ఒడ్డున ఎక్కడ మనసైతే అక్కడ ఆగి నిద్రపోవడానికే వ్యాన్ తీసుకునేవారికి, ఎండ కాలంలో కుక్క ఉన్నప్పుడు ఆ స్వేచ్ఛ కాగితం మీదే మిగులుతుంది. కనెక్షన్ ఉన్నా ఫ్యూజు ఎగిరితే ఏసీ ఆగిపోతుంది, ఆ సంగతి బయటికెళ్లిన మనకు తెలియదు. లోపలి ఉష్ణోగ్రత గీత దాటగానే ఫోనుకు కబురు పంపే చిన్న పరికరాలు దొరుకుతాయి. వాటిని పెట్టుకోవలసిందే గాని, వాటిని నమ్ముకొని దూరం పోకూడదు. అసలు కుక్కను బండిలో ఒంటరిగా వదలరాదనే నిబంధన చాలా క్యాంపుసైట్‌లలో ఉంటుంది, దానికి వేడి ఒక కారణమైతే మొరుగుడు రెండో కారణం.

ఇక్కడే రెండు బండ్లుండడంలోని సుఖం తెలుస్తుంది. లాగుడు కారవాన్ తీసుకున్న ఇద్దరిలో ఒకరు కుక్కతో కారవాన్‌లో ఉండిపోయి, మరొకరు కారులో వెళ్లి సరుకులు తెచ్చుకోవచ్చు. కుక్క కాలికి ఏదైనా గుచ్చుకుంటే సామాను కదపకుండా పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తవచ్చు. మోటర్‌హోమ్‌లో ఇంటిని వదిలి వెళ్లే వీలు లేదు. పాల ప్యాకెట్టు కావాలన్నా కరెంటు తీగ చుట్టి, గిన్నెలు సర్ది, కిటికీలు బిగించి ఇల్లు మొత్తం బయలుదేరాలి.

తడిసిన కుక్క, తలుపు, ఇసుక

బండి చూడడానికి వెళ్లినప్పుడు నేను ఇప్పుడు మొదట నిలబడేది తలుపు దగ్గర. అక్కడి నుంచి ఒక్క గెంతులో మంచం అందుతుందా అని చూస్తాను. మేము మొదటిసారి అద్దెకు తెచ్చిన వ్యాన్‌లో జారుడు తలుపు తెరవగానే ఎదురుగా మంచమే ఉండేది. తొలి సాయంత్రం కుక్క అలల్లోంచి నేరుగా పరుగెత్తుకొచ్చి, నేను తువ్వాలు అందుకునేలోపు మంచం మధ్యలో నిలబడి, ముక్కు నుంచి తోక చివరి దాకా ఒక్కసారి విదిలించుకుంది. కప్పుకొనే దుప్పటి, దిండ్లు, పైకప్పుకు అతికించిన మెత్త, అన్నీ తడి ఇసుకే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ప్రయాణంలో మిగిలిన ఎనిమిది రాత్రులూ దుప్పటి దులిపిన కొద్దీ ఇసుక రాలుతూనే ఉంది.

ఈ విషయంలో లాగుడు కారవాన్‌కు సాటి లేదు, కారణం దాని పక్కన కట్టుకునే గుడ్డ వసారా. మూడు వైపులా గోడలు, కింద పరుచుకునే పట్టా ఉన్న ఆ వసారా కుక్కకు మండపం లాంటిది. ఒడ్డు నుంచి వచ్చిన కుక్కను అక్కడే ఆపి, తోటలకు మందు కొట్టే పంపు లాంటి 5 లీటర్ల డబ్బాతో మంచినీళ్లు చల్లి, కడుపు కింద, కాలి వేళ్ల మధ్య, చెవుల వెనుక ఉప్పు పోయేలా కడిగి, ఆరాక లోపలికి వదలవచ్చు. ఉప్పునీరు బొచ్చులోనే ఆరిపోతే చర్మం దురద పెట్టి, కుక్క రాత్రంతా గోక్కుంటూ మనల్నీ నిద్రపోనివ్వదు. మోటర్‌హోమ్‌కు ఉండే చుట్టుడు పందిరి నీడ ఇస్తుంది గాని దానికి గోడలుండవు. గాలి ఎక్కువైతే చుట్టేయాలి, బండి కదిలిన ప్రతిసారీ చుట్టేయాలి. వ్యాన్‌కు విడిగా నిలబడే టెంటు వసారా దొరుకుతుంది. వ్యాన్ బయటికి వెళ్లినా అది చోటులోనే నిలిచి ఉంటుంది కాబట్టి, వ్యాన్ తీసుకునేవారు దాన్ని విలాసంగా కాక అవసరంగా లెక్కపెట్టుకోవాలి. నీళ్ల విషయంలో మాత్రం మోటర్‌హోమ్‌దే పైచేయి. చాలా మోటర్‌హోముల్లో దాదాపు 100 లీటర్ల ట్యాంకు ఉంటుంది. కుక్కకు రోజుకు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల తాగునీరు కావాలి, అంటే 30 కిలోల కుక్కకు దాదాపు లీటరున్నర నుంచి 1.8 లీటర్లు, ఒడ్డున పరుగెత్తిన రోజు ఇంకా ఎక్కువ. దానికి కడుగుడు నీళ్లు కలిపితే చిన్న వ్యాన్ ట్యాంకు చూస్తుండగానే ఖాళీ అవుతుంది.

మెట్టును తేలికగా తీసుకోవద్దు. చాలా మోటర్‌హోములకు కరెంటుతో బయటికొచ్చే మెట్టు రంధ్రాల ఇనుప పలకతో ఉంటుంది. కింద నేల కనిపిస్తుంటే అడుగు వేయడానికి కొన్ని కుక్కలు మొండికేస్తాయి, గోళ్లు ఆ రంధ్రాల్లో ఇరుక్కునే ప్రమాదమూ ఉంది. మెట్టుకు రబ్బరు చాప ఒకటి తాళ్లతో బిగించాక మా కుక్క ఆ గుమ్మాన్ని ఇక పట్టించుకోలేదు. తుంటి కీళ్ల నొప్పి ఉన్న ముసలి కుక్కకు వాలు పలక తప్పదు. ఆ పలకను ప్రయాణంలో ఎక్కడ పెడతారో కూడా ముందే ఆలోచించుకోవాలి.

లోపలి చోటును కంటితో అంచనా వేయడం కూడా పొరపాటే. కుక్క ముడుచుకొని పడుకున్నప్పటి కొలత కాదు, పక్కకు ఒరిగి నాలుగు కాళ్లూ చాచి పడుకున్నప్పటి కొలత తీసుకోవాలి. ఇంట్లో అది అలా నిద్రపోతున్నప్పుడు పాత వార్తాపత్రికలు పక్కన పరిచి, ఆ మేరకు కత్తిరించి, మడిచి జేబులో పెట్టుకొని బండి చూడడానికి వెళ్లండి. రాత్రికి మంచాలన్నీ వేశాక మిగిలే నేల మీద ఆ కాగితం పరిచి చూడండి. పగటి పూట విశాలంగా కనిపించిన వ్యాన్‌లో రాత్రి మంచం వేశాక ఆ కాగితం పట్టకపోవడం నేను కళ్లారా చూశాను. మిగిలిన ఆ కాస్త నేలలోనూ ఒక జాగ్రత్త ఉంది. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. కారితే నేల మట్టానికి దిగి అక్కడే పేరుకుంటుంది. అది బయటికి పోవడానికే ఇలాంటి బండ్ల నేలలో చిన్న కంతలు ఉంచుతారు. కుక్క పరుపును సరిగ్గా వాటి మీదే వేసి మూసేసేవారున్నారు. నేల మీద పడుకునేది కుక్కే కాబట్టి కారిన గ్యాసు మొదట చేరేది దాని ముక్కుకే. ఆ కంతలెక్కడున్నాయో బండి ఇచ్చేవారిని అడిగి చూపించుకోండి.

రోజూ కదిలే ప్రయాణం, ఒకచోట దిగే ప్రయాణం

తీరం వెంట ప్రయాణం అనగానే రోజుకో ఊరు, రోజుకో ఒడ్డు అన్న ఊహ వస్తుంది. మనుషులకు అది ఉత్సాహమే. కుక్కకు మాత్రం ప్రతి కొత్త చోటూ కాపలా కాయవలసిన కొత్త ఇల్లు. మొదటి రాత్రి ప్రతి చప్పుడుకూ లేస్తుంది, రెండో రోజుకు ఆనవాళ్లు పట్టుకుంటుంది, మూడో రోజుకు గాని కాళ్లు చాచి పడుకోదు. అందుకే, రెండు మూడు చోట్లను స్థావరాలుగా పెట్టుకొని, ఒక్కోచోట నాలుగైదు రోజులుండి, చుట్టుపక్కల ఒడ్డులకు కారులో వెళ్లి రావడమే కుక్కతో ప్రయాణానికి తగిన పద్ధతి అని నా అభిప్రాయం. ఈ పద్ధతికి పుట్టిందే లాగుడు కారవాన్. రోజూ కదలడం తప్పదనుకునేవారికి, అంటే తీరం పొడవునా ఒక చివర నుంచి మరో చివరకు పోవాలన్న పట్టుదల ఉన్నవారికి, లాగుడు కారవాన్ తల ప్రాణం తోకకు తెస్తుంది. కొక్కెం తగిలించడం, దీపాలు సరిచూడడం, మూలల కాళ్లు దించడం, వసారా కట్టడం, విప్పడం అనే తంతుకు రోజులో రెండు గంటలు పోతాయి, ఆ రెండు గంటలూ కుక్క తాడుకు కట్టేసి ఉంటుంది. వారికి మోటర్‌హోమ్ లేదా వ్యాన్ తీసుకోవడమే న్యాయం.

తీరపు దారుల్లో మరో చిక్కు, ఒడ్డు పక్కనున్న పార్కింగ్ స్థలాల ముఖద్వారాల దగ్గర దాదాపు రెండు మీటర్ల ఎత్తున కట్టే అడ్డుకమ్మీలు. దాదాపు మూడు మీటర్ల ఎత్తుండే మోటర్‌హోమ్ వాటి కింద దూరదు. ఎత్తు తక్కువైన వ్యాన్, కొక్కెం విప్పిన కారు మాత్రం దూరతాయి. కాబట్టి మోటర్‌హోమ్‌తో ఒడ్డుకు చేరాలంటే తరచుగా దూరంగా నిలిపి, కాలే తారు మీద కుక్కను నడిపించవలసి వస్తుంది. అరచేతి వెనుక భాగాన్ని ఆ తారు మీద ఐదారు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా దాన్ని ఓర్చుకోలేవు. ఎండలో ఇసుక కూడా అంతే. పడవ మీద బండిని దాటించవలసిన దారి అయితే బండి పొడవును బట్టి రుసుము ఉంటుందని, కొన్ని పడవల్లో కుక్కను బండిలోనే వదిలి పైకి పొమ్మంటారని గుర్తుంచుకొని ముందే కనుక్కోండి.

ఒడ్డు నేర్పే జాగ్రత్తలు

బండిని ఎక్కడ నిలుపుతామన్నది ఆటుపోట్లతో ముడిపడి ఉంటుంది. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మామూలుకంటే పైకి వస్తుంది. మధ్యాహ్నం పొడిగా ఉన్న ఇసుక మీద నిలిపిన బండి అర్ధరాత్రికి నీళ్లలో ఉండవచ్చు. ముందు చక్రాలతో నడిచే మోటర్‌హోముల్లో బరువంతా వెనుక ఉంటుంది కాబట్టి తడి గడ్డి మీద, మెత్తని ఇసుక మీద ముందు చక్రాలు ఊరికే గిరగిర తిరుగుతాయి. వాటిని గట్టి నేల దాటి దింపకపోవడమే మేలు. ఉప్పు గాలి కొక్కేన్ని, బ్రేకులను, బండి అడుగు భాగాన్ని తినేస్తుంది. ప్రయాణం ముగియగానే అడుగు నుంచి మంచినీటితో కడిగించుకోవాలి. లాగుడు కారవాన్ కొనాలనుకునేవారు జింకు పూత వేసిన ఛాసిస్ ఉన్నదాన్నే చూడాలి.

కుక్క విషయంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు సముద్రపు నీరు తాగనివ్వడం. బంతి కోసం అలల్లోకి దూకిన ప్రతిసారీ అది కాస్త మింగుతుంది. కొద్దిగా అయితే వాంతి, విరేచనాలతో పోతుంది. ఎక్కువైతే రక్తంలో ఉప్పు పెరిగి వణుకు, మూర్ఛ వచ్చే ప్రమాదముంది. పావుగంటకోసారి ఆట ఆపి మంచినీళ్లు పట్టాలి. ఒడ్డున చచ్చి పడి ఉన్న జెల్లీ చేప కూడా కుడుతుంది, కొట్టుకొచ్చిన బుడగ చేపలో ప్రాణాంతకమైన విషం ఉంటుంది, చేపలు పట్టినవారు వదిలేసిన గాలాలు ఇసుకలో కనిపించవు. తాబేళ్లు, ఒడ్డు పక్షులు గుడ్లు పెట్టే కాలంలో చాలా ఒడ్డుల్లో కుక్కలకు ప్రవేశమే ఉండదు. దారి ఎంచుకునే ముందే ఆ నెలలు తెలుసుకుంటే, ఒడ్డు దాకా వచ్చి కుక్కతో బండిలో కూర్చోవలసిన గతి పట్టదు.

ఎవరికి ఏది

పెద్ద కుక్క, ముసలి కుక్క, రెండు కుక్కలు, కొత్త చోట్లకు బెదిరే కుక్క ఉన్నవారికి నేను తడుముకోకుండా లాగుడు కారవానే చెబుతాను, అయితే వారి కారుకు దాన్ని లాగే సత్తా ఉండాలి, రివర్స్ నేర్చుకునే ఓపిక ఉండాలి. పది పన్నెండు కిలోలకు మించని, ఎక్కడ పడితే అక్కడ నిద్రపోయే కుక్కతో, ఎండ తగ్గిన నెలల్లో, ఒకరో ఇద్దరో తిరగడానికి క్యాంపర్ వ్యాన్ కంటే హాయి లేదు. చప్పిడి ముక్కు కుక్క ఉన్నవారు ఏ బండి తీసుకున్నా వేసవి వద్దు. మోటర్‌హోమ్‌ను నేను సిఫారసు చేసేది రెండు సందర్భాల్లోనే: రోజూ కదలక తప్పని పొడవైన ప్రయాణం, లేదా వర్షాలు ఎక్కువగా పడే కాలం. వాన హోరున కురుస్తున్నప్పుడు బయట కాలు పెట్టకుండానే డ్రైవరు సీటులోంచి లేచి కుక్క పక్కన కూర్చోగలగడం నిజంగా గొప్ప సౌకర్యం. ఏదీ తేల్చుకోలేకపోతే సముద్రం దగ్గర స్థిరంగా నిలిపి ఉంచిన కారవాన్‌ను వారం పాటు అద్దెకు తీసుకొని, సొంత కారులో వెళ్లి ఉండడం నాలుగో దారి. లాగే బాధ లేదు, వసారా సుఖం ఉంది.

కొనడానికి ముందు అద్దెకు తీసుకోవడం ఎటూ తప్పదు. చాలామంది అద్దెకిచ్చేవారు కుక్కను ఒప్పుకోరు, ఒప్పుకున్నవారు శుభ్రం చేయడానికి విడిగా డిపాజిట్ అడుగుతారు. కాబట్టి కుక్కకు అనుమతి ఉందన్న మాటను, డిపాజిట్ ఏ పరిస్థితుల్లో తిరిగి ఇవ్వరన్న మాటను కాగితం మీద రాయించుకోండి. బండి తీసుకునేటప్పుడే సీట్ల మీది, నేల మీది పాత గీతలకు, మరకలకు ఫోటోలు తీసి ఉంచుకోండి. తీసుకున్న మొదటి రాత్రి తీరానికి పోకుండా ఇంటి ముందరే బండి నిలిపి కుక్కతో అందులో పడుకొని చూడండి. తెల్లవారుజామున రెండు గంటలకు అది లేచి ఇంటి తలుపు వైపు చూస్తూ కూనిరాగం తీస్తే, మంచం దిగి నాలుగు అడుగుల్లో దాన్ని ఇంట్లోకి తీసుకుపోవచ్చు.